ఇనుము కోసే రంపం ఏ ఇంటికి ఏది?
హాక్సా చాలునా, మిషను కావాలా? కొనేముందు లెక్క చూసుకోండి

పోయిన కారులో ఒక రైతు నరసరావుపేట రోడ్డు మీద కనిపించాడు. బండి వెనక కొడుకు కూర్చుని అంగుళంన్నర జి.ఐ. పైపు ముక్కను ఈటెలాగా పట్టుకుని ఉన్నాడు. ఎక్కడికయ్యా అంటే, "జానెడు కోయించుకు రావాలండీ" అన్నాడు. వెల్డింగ్ షాపులో కోసేది నిమిషం. షాపువాడు భోజనానికి వెళ్లాడట, తర్వాత కరెంటు పోయిందట. వాళ్లు ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. ఆ పూట తడవాల్సిన మిరపచేను తడవలేదు.

జానెడు పైపుకు ఒక రోజు పని, రెండు లీటర్ల పెట్రోలు పోయాయి. ఇలాంటి రోజులు ఏడాదికి ఎన్ని పోతున్నాయో మీలో ఎంతమంది లెక్క వేశారు?

ఇప్పుడు రైతు ఇంట్లో కర్రకన్నా ఇనుమే ఎక్కువ. బోరు పైపులు, డ్రిప్పు సామాను, పశువుల పాకకు యాంగిళ్లు, కంచెకు ఊచలు, ట్రాక్టరు కల్టివేటరు పట్టీలు, గేటు గొళ్లెం. వడ్రంగి రంపం లేని ఇల్లు ఉండదు గాని, ఇనుము కోసే రంపం నాలుగిళ్లకు ఒకటి కూడా ఉండదు. అది లేక కొందరు రోజులు పోగొట్టుకుంటున్నారు. ఇంకొందరు ఎవరో చెప్పారని పెద్ద మిషను కొని, గోనెసంచి కప్పి మూల పడేస్తున్నారు. రెండూ నష్టమే. కనుక ఈ వారం ఆ సంగతి విడమరిచి చూద్దాం.

ముందు కాగితం, తర్వాత దుకాణం

దుకాణానికి పోయేముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. పోయిన ఏడాది మీరు కోయించినవి, కోయించలేక వదిలేసినవి గుర్తు తెచ్చుకుని రాయండి. ఒక్కోదాని ఎదుట మూడు సంగతులు వేయండి. ఏ వస్తువు, ఎంత మందం, ఎన్ని కోతలు. ఇవి మూడూ తెలిస్తే ఏ రంపం కావాలో సగం తేలిపోతుంది.

మందం తెలియడానికి కొన్ని కొలతలు గుర్తు పెట్టుకోండి. జి.ఐ. పైపులు మూడు తరగతులుగా వస్తాయి. పసుపు పట్టీ ఉంటే పలచనిది, దాన్ని 'ఎ' తరగతి అంటారు. నీలం పట్టీ మధ్యరకం, 'బి' తరగతి. ఎర్ర పట్టీ మందమైనది, 'సి' తరగతి. 'బి' తరగతిలో ముప్పావు అంగుళం పైపు గోడ మందం 2.6 మి.మీ., అంగుళం పైపుది 3.2 మి.మీ., రెండంగుళాల పైపుది 3.6 మి.మీ. ఉంటుంది. పాకలకు వాడే యాంగిళ్లు 3 మి.మీ. నుంచి 6 మి.మీ. మందంలో ఎక్కువగా దొరుకుతాయి.

అంటే మన ఇళ్లలో కోసే సరుకులో ఎక్కువ భాగం 2 నుంచి 6 మి.మీ. లోపే. ఇది గుర్తుంటే దుకాణంవాడు చూపించే ప్రతి మిషనుకూ తల ఊపాల్సిన పని ఉండదు.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. కోయాల్సిన ఇనుము మీద ఆకురాయితో ఒకసారి రుద్దండి. ఆకురాయి పట్టి పొడి రాలితే అది మెత్తని ఇనుము, చేతి రంపానికి లొంగుతుంది. గాజు మీద జారినట్టు జారితే అది పదును పోసిన ఉక్కు. లారీ కమాను పట్టీలు, రోటవేటరు బ్లేళ్లు ఈ జాతివి. వీటి మీద హాక్సా పెడితే బ్లేడు పళ్లు పోవడం తప్ప ప్రయోజనం లేదు. గ్రైండరుతోనే పని.

మొదటి రంపం హాక్సాయే

మన ఊళ్లలో 'ఆక్సా బ్లేడు' అని పిలిచేది ఇదే. గోటితో పోయేదానికి గొడ్డలెందుకని పెద్దలు అననే అన్నారు. ఏడాదికి ముప్పై, నలభై కోతలు దాటని ఇంటికి ఇది చాలు. కరెంటు అక్కర్లేదు. బోరు దగ్గరికి, గట్టు మీదికి చంకన పెట్టుకుని పోవచ్చు. అంగుళం పైపును అలవాటైన చేయి నాలుగైదు నిమిషాల్లో కోసేస్తుంది. పి.వి.సి. పైపులకు, డ్రిప్పు మెయిను పైపులకు కూడా ఇదే మంచిది. మిషను పెడితే ఆ వేడికి ప్లాస్టిక్ కరిగి అంచు ముద్ద కడుతుంది.

చాలామంది "ఆక్సా తెచ్చానండీ, తెగదు" అంటారు. తప్పు రంపానిది కాదు, పళ్ల లెక్కది. బ్లేడు మీద అంగుళానికి ఎన్ని పళ్లో అంకె వేసి ఉంటుంది. 14, 18, 24, 32 అని నాలుగు రకాలు. కోసే గోడ మందంలో ఎప్పుడూ కనీసం మూడు పళ్లు ఆని ఉండాలి. ఈ సూత్రం ఒక్కటి తెలిస్తే చాలు. ఒక్క పన్నే ఆనితే అది గోడకు తగులుకుని విరుగుతుంది. ఒక పన్ను విరిగితే పక్క పళ్లు వరసగా పోతాయి.

లెక్క చూడండి. 18 పళ్ల బ్లేడులో పన్నుకూ పన్నుకూ మధ్య దూరం సుమారు 1.4 మి.మీ. అంగుళం 'బి' పైపు గోడ 3.2 మి.మీ. కనుక రెండు పళ్లే ఆనుతాయి. చాలదు. 24 పళ్ల బ్లేడులో దూరం సుమారు 1.06 మి.మీ. మూడు పళ్లు ఆనుతాయి. సరిపోతుంది. కనుక పైపులకు, 3 మి.మీ. యాంగిళ్లకు 24 తీసుకోండి. 6 మి.మీ. పట్టీలకు, లావు ఊచలకు 18. రేకు, పలచని గొట్టాలకు 32. బాగా లావైన మెత్తని కడ్డీలకు 14. రైతు ఇంట్లో 24 రకం నాలుగు, 18 రకం రెండు బ్లేళ్లు ఉంటే ఏడాది గడిచిపోతుంది.

బ్లేళ్లలోనూ రకాలున్నాయి. బాగా చౌకవి మామూలు ఉక్కువి, త్వరగా మొద్దుబారతాయి. మొత్తం హెచ్.ఎస్.ఎస్. ఉక్కుతో చేసినవి బాగా కోస్తాయి గాని, వంకర పడితే పుటుక్కున విరుగుతాయి. బై-మెటల్ అని రాసినవి వీపు మెత్తని ఉక్కు, పళ్లు గట్టి ఉక్కు. వంగుతాయి, విరగవు. ధర రెండింతలున్నా కొత్త చేతులకు ఇవే లాభం.

ఫ్రేములో చూడాల్సింది బిగువు. పలచని రేకు ఫ్రేము బిగిస్తే తానే వంగుతుంది. బ్లేడు వదులై కోత పక్కకు పోతుంది. దుకాణంలోనే బ్లేడు ఎక్కించి బిగించమనండి. వేలితో మీటితే తీగలా టంగుమనాలి. డబ్‌మంటే ఆ ఫ్రేము వద్దు. 12 అంగుళాల బ్లేడు పట్టే ఫ్రేమే తీసుకోండి. ఆ కొలత బ్లేళ్లు ప్రతి హార్డువేరు దుకాణంలో దొరుకుతాయి.

హాక్సా పట్టడంలో మెళకువలు

* బ్లేడు పళ్లు పిడి వైపు కాకుండా ముందుకు చూస్తూ ఉండాలి. ముందుకు తోసేటప్పుడు బరువు పెట్టాలి, వెనక్కి లాగేటప్పుడు తేల్చాలి. వెనక్కి కూడా నొక్కితే పళ్లు అరిగిపోతాయి.
* తొందర వద్దు. నిమిషానికి 40 నుంచి 50 తోపులు చాలు. వేగం పెంచితే బ్లేడు వేడెక్కి మొద్దుబారుతుంది.
* బ్లేడు పూర్తి నిడివి వాడండి. మధ్య నాలుగంగుళాలే వాడితే ఆ మేరే అరిగి, మిగతాది కొత్తగా ఉండగానే బ్లేడు పారేయాల్సి వస్తుంది.
* యాంగిలును అంచు మీద కాకుండా వెడల్పు ముఖం మీద కోయండి. ఎక్కువ పళ్లు ఆనుతాయి.
* పైపును ఒకే దిక్కున చివరికంటా కోయొద్దు. గోడ తెగి లోపలి బోలు కనపడగానే పైపును కొంచెం తిప్పి, మళ్లీ అక్కడి నుంచి కోయండి. పళ్లు విరగవు, కోత నిలువుగా వస్తుంది.
* రేకును రెండు చెక్కల మధ్య పెట్టి చెక్కతో సహా కోయండి.
* సగం కోతలో బ్లేడు విరిగితే కొత్త బ్లేడును ఆ పాత గాడిలో దూర్చవద్దు. కొత్త పళ్లు వెడల్పుగా ఉంటాయి, ఇరుక్కుని విరుగుతాయి. వస్తువును తిప్పి రెండో వైపు నుంచి మొదలుపెట్టండి.
* రెండు చుక్కలు నూనె వేస్తే పని తేలిక.

వీటన్నిటికన్నా ముఖ్యం, వస్తువు కదలకుండా ఉండాలి. కాలి కింద తొక్కిపెట్టి కోస్తే ఏ రంపమూ నిలువుగా కోయదు, కాలికీ ముప్పే. మంచి వైసు ఒకటి కొని, గట్టి చెక్కబల్లకు బోల్టులతో బిగించండి. మిషనుకు దాచిన డబ్బులో ముందు వైసు కొనండి. రేపు ఏ రంపం కొన్నా అది కావాల్సిందే.

చేతి గ్రైండరు - ఎవరికి?

కోతలు నెలకు పది, పదిహేను దాటేవారికి, పదును ఉక్కు కోయాల్సినవారికి 4 అంగుళాల చేతి గ్రైండరు అక్కరకొస్తుంది. హాక్సాతో అయిదు నిమిషాల కోత దీనితో నిమిషం లోపే. కోయడమే కాదు, రాయి మారిస్తే వెల్డింగు గడ్డలు నునుపు చేస్తుంది. మొద్దుబారిన పారకూ గొడ్డలికీ అంచు తీస్తుంది. తుప్పు గోకుతుంది. ఒక మిషనుతో నాలుగు పనులు. చిన్న రైతుకు మిషను కొనాలనిపిస్తే మొదట కొనాల్సింది ఇదే.

దీని పరిమితి కూడా తెలుసుకోండి. 4 అంగుళాల చక్రం లోతుగా అంగుళం మించి దిగదు. రెండంగుళాల పైపును చుట్టూ తిప్పుతూ కోయాలి. చేతితో పట్టి కోసేది కనుక నిలువు కోత రావాలంటే ముందు సుద్దతో చుట్టూ గీత గీసుకోవాలి.

చక్రాల్లో పలచనిది 1 మి.మీ. ఉంటుంది. పైపులకూ యాంగిళ్లకూ ఇదే మంచిది. త్వరగా తెగుతుంది, వేడి తక్కువ. లావు చక్రం సుమారు 6 మి.మీ. ఉంటుంది, అది అరగదీయడానికి. కోసే పలచని చక్రంతో పక్కవాటుగా అరగదీస్తే అది పగులుతుంది. ఈ తప్పు మన ఊళ్లలో రోజూ చూస్తున్నాం.

ఈ మిషను నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. ఆ లెక్కన చక్రం అంచు వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. ఆ వేగంలో ముక్క లేస్తే అది తుపాకి గుండే. కనుక మిషనుకు ఉన్న రేకు కవచం తీసేయకండి. చాలామంది అడ్డంగా ఉందని మొదటి రోజే తీసి పారేస్తారు. చక్రం మీద రాసిన చుట్ల సంఖ్య మిషను చుట్ల కన్నా ఎక్కువ ఉండాలి. చక్రం మధ్య ఇనుప వలయం మీద నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. ఆ గడువు దాటినది చౌకగా ఇచ్చినా తీసుకోకండి. కిందపడిన చక్రం, తడిసిన చక్రం పైకి బాగానే కనిపించినా పారేయండి.

కొందరు ఇదే మిషనుకు చెక్క కోసే పళ్ల బ్లేడు బిగిస్తున్నారు. ఇది మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. పన్ను చెక్కలో ఇరుక్కుంటే మిషను వెనక్కి ఎగిరి మెడకో, తొడకో తగులుతుంది.

బోరు దగ్గర ఇంటి కరెంటు లేనివారికి ఇప్పుడు బ్యాటరీ గ్రైండర్లు వచ్చాయి. ధర ఎక్కువ. బ్యాటరీ పోతే మళ్లీ ఖర్చు. ఏడాదిలో పదిసార్లు కూడా వాడని రైతుకు అవి దండగ.

14 అంగుళాల కటింగ్ మిషను

వెల్డింగ్ షాపుల్లో కీచుమంటూ రవ్వలు చిమ్మేది ఇదే. కొందరు చాప్ సా అంటారు. 355 మి.మీ. చక్రం, 2,000 వాట్లు లేక ఆపైన మోటారు. కింద వస్తువును పట్టే క్లాంపు ఉంటుంది కనుక కోత నిలువుగా, ఒకే కొలతలో వస్తుంది. యాభై గజాల కంచెకు స్తంభాలు కోయాలంటే, షెడ్డుకు యాంగిళ్లు కోయాలంటే దీన్ని మించింది లేదు. యాంగిలును కొండలాగా, వీపు పైకి వచ్చేట్టు పెట్టి కోయండి. చక్రానికి ఒక్కసారిగా వెడల్పు తగలదు, త్వరగా తెగుతుంది.

అయితే ఇది ఒక ఇంటికి ఏడాదికి ఎన్ని రోజులు పని చేస్తుంది? షెడ్డు కట్టేటప్పుడు నాలుగు రోజులు. తర్వాత బూజు. కాబట్టి ఒంటరిగా కొనకండి. షెడ్డు పని ఉంటే అద్దెకు తెచ్చుకోండి. లేదా ఇనుము కొనే దుకాణంలోనే కొలతలు ఇచ్చి కోయించండి. 20 అడుగుల యాంగిలు ఇంటికి తెచ్చే బాధ కూడా తప్పుతుంది. కొలతల కాగితం మాత్రం ఇంటి దగ్గరే రాసుకుని పోండి. దుకాణంలో నిలబడి గుర్తు తెచ్చుకుంటే ఒక్క కొలతైనా తప్పుతుంది.

పళ్ల చక్రం మిషను, పట్టీ రంపం

ఈ మధ్య దుకాణాల్లో 'కోల్డ్ కట్' అని ఇంకో రకం చూపిస్తున్నారు. చూడటానికి చాప్ సా లాగే ఉంటుంది. చక్రానికి రాతి పొడి బదులు గట్టి టి.సి.టి. పళ్లు ఉంటాయి. నిమిషానికి సుమారు 1,300 చుట్లే తిరుగుతుంది. రవ్వలు తక్కువ, కోసిన అంచు చేత్తో పట్టుకునేంత చల్లగా, నునుపుగా ఉంటుంది. పనితనం మెచ్చుకోదగిందే. కాని చక్రం ఖరీదు ఎక్కువ, వస్తువు కదిలితే పళ్లు రాలతాయి. రోజూ గేట్లు, కిటికీలు చేసే వృత్తివారికి గిట్టుబాటు, మనకు కాదు.

ఇక్కడ ఒక మోసం ఉంది, జాగ్రత్త. "ఈ పళ్ల చక్రం మీ పాత చాప్ సాకి కూడా పడుతుంది" అని అమ్ముతారు. మధ్య రంధ్రం కొలత ఒకటే కనుక పట్టే మాట నిజమే. కాని పాత మిషను నిమిషానికి 3,800 చుట్ల దాకా తిరుగుతుంది. ఆ చక్రం ఆ వేగానికి చేసింది కాదు. పళ్లు లేచి వస్తాయి.

ఇక బ్యాండ్ సా. కోత మిల్లులో దుంగలు కోసే పట్టీ రంపం చూశారు కదా, అదే చిన్నది. మెల్లగా కోస్తుంది, చప్పుడు లేదు, రవ్వలు లేవు. క్లాంపులో బిగించి వదిలితే తన బరువుతో తానే దిగి, తెగిపోగానే ఆగిపోయే రకాలూ ఉన్నాయి. గడ్డివాముల మధ్య బతికే మనకు రవ్వలు లేకపోవడం పెద్ద సుగుణమే. కాని ఖరీదు, పట్టీ బ్లేళ్లు పల్లెలో దొరక్కపోవడం దీనికి అడ్డు. విజయవాడ ఆటోనగర్‌కో, సికింద్రాబాద్ రాణిగంజ్‌కో పోయి తెచ్చుకోగలిగితే, పక్కన చిన్న ఇనుప పని కూడా పెట్టుకునే ఉద్దేశం ఉంటే ఆలోచించండి. లేకపోతే వద్దు.

కరెంటు సంగతి

4 అంగుళాల గ్రైండరుకు మూడు, నాలుగు ఆంపియర్లు చాలు. చాప్ సా 2,000 వాట్లది తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది, ఆన్ చేసిన క్షణంలో ఇంకా ఎక్కువ. దాన్ని లైటు ప్లగ్గులో పెడితే ప్లగ్గు కాలుతుంది. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు, 2.5 చదరపు మి.మీ. రాగి వైరు ఉండాలి. నలభై గజాల సన్నవైరు లాగి దొడ్లో కోస్తే వోల్టేజి పడిపోయి మోటారు వేడెక్కుతుంది. సాయంత్రం వోల్టేజి తక్కువ ఉన్న వేళ పెద్ద మిషను నడపకండి.

ఎర్తు ఉందో లేదో చూపించుకోండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుకుంటే షాక్ తగిలిన క్షణంలో కరెంటు ఆగిపోతుంది. తడి నేల, ఇనుప పని, కరెంటు మిషను మూడూ ఒకచోట చేరే మనలాంటి ఇళ్లకు అది తప్పనిసరి.

నిప్పు, కన్ను

ఈ రెండు మాటలు ఎవరూ చెప్పరు. చెప్పినా ఎవరూ వినరు. నేనూ వినలేదు.

ఆరేళ్ల కిందట మా ఇంటి గేటు గొళ్లెం కోస్తూ, "ఒక్క కోతే గదా" అని అద్దాలు పెట్టుకోలేదు. రాత్రికి కన్ను మంట. నలిపాను, నీళ్లు కొట్టాను. పొద్దున్నే తెల్లగుడ్డు ఎర్రబారింది. డాక్టరు చూసి, నల్లగుడ్డు మీద ఇనుప రజను దిగిందని, దాని చుట్టూ అప్పుడే తుప్పు వలయం పట్టిందని చెప్పి తీశారు. వారం రోజులు కట్టుతో తిరిగాను. ఇంకొంచెం మధ్యకు పడితే చూపు మీదికి వచ్చేదన్నారు. ఆ కళ్లద్దాల ధర నాలుగు టీల డబ్బు. ఇంటికి వచ్చాక మా ఆవిడ ఆ అద్దాలు కొని గ్రైండరు వైరుకే కట్టింది. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

చేతులు కాలాక ఆకులు పట్టుకునేకంటే ఇవి ముందే పాటించండి.

* పక్కలు కూడా మూసి ఉండే రక్షణ కళ్లద్దాలు పెట్టుకోండి. మామూలు చత్వారం అద్దాలు చాలవు. కంట్లో రజను పడితే నలపవద్దు, నేరుగా కంటి డాక్టరు దగ్గరికి పోండి.
* తువ్వాలు, వదులు చొక్కా, పంచె కొంగు, మెడ దారాలు గ్రైండరుకు దూరం. ఆడవారు పని చేస్తే కొంగు బిగించి, జడ ముడి వేసుకోవాలి.
* గడ్డివాము, చొప్ప, పత్తి నిల్వ, గోనెసంచులు ఉన్న దిక్కుకు రవ్వలు పోకూడదు. రవ్వ పడిన గడ్డి అప్పుడే మండకపోవచ్చు. లోపల రాజుకుని గంట తర్వాత లేస్తుంది. పక్కన బకెట్టు నీళ్లు పెట్టుకోండి. పని అయ్యాక అరగంట అక్కడే ఉండండి.
* డీజిలు, పెట్రోలు పోసిన డ్రమ్మును గ్రైండరుతో కోయకండి. ఖాళీ అయినా లోపల ఆవిరి ఉంటుంది. ఒక్క రవ్వకు బాంబులా పేలుతుంది. నీళ్ల తొట్టి కోసమని ఇలా కోసి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. పురుగుమందు డ్రమ్ములు అసలు ముట్టవద్దు.
* జి.ఐ. పైపు పూత కాలితే తెల్లని పొగ వస్తుంది. వెల్డింగులో మరీ ఎక్కువ. అది పీల్చితే రాత్రికి చలి, జ్వరం వస్తాయి. ఆరుబయట, గాలి వాలు చూసుకుని కోయండి.
* కొత్త చక్రం ఎక్కించాక పక్కకు నిలబడి ఒక నిమిషం ఊరికే తిప్పండి. పగులు ఉంటే అప్పుడే తెలుస్తుంది.
* చక్రం మార్చేముందు ప్లగ్గు పీకండి. స్విచ్చి ఆపడం చాలదు.
* పిల్లలను దగ్గరికి రానివ్వకండి. రవ్వలు వాళ్లకు దీపావళిలా కనిపిస్తాయి.

దుకాణంలో చూడాల్సినవి

మిషను కొనే రోజు ఈ అయిదూ అడగండి. కార్బన్ బ్రష్షులు, స్విచ్చి మన పట్టణంలో దొరుకుతాయా? ముందు అరిగేవి అవే. రిపేరు ఎవరు చేస్తారు? చక్రాలు ఏ కొలతవి, ఎక్కడ దొరుకుతాయి? కవచం, పక్క పిడి, తాళం చెవి పెట్టెలో ఉన్నాయా? రసీదు, గ్యారంటీ కార్డు మీద ముద్ర వేసి ఇస్తారా? తర్వాత అక్కడే ప్లగ్గు పెట్టి నడపమనండి. చేతిలో అదురు ఎక్కువున్నా, బ్రష్షుల దగ్గర మంట లేచినా వద్దనండి. సంతల్లో పేరు తెలియని మిషను సగం ధరకు వస్తుంది. దానికి బ్రష్షు దొరకని రోజు అది తూకానికి పోతుంది.

మొదటి ఖర్చు ఒక్కటే చూడకండి. ఏడాదికి ఎన్ని చక్రాలు పోతాయి, ఎన్ని బ్లేళ్లు పోతాయి అన్నది ఎదుట రాయండి. ఇంకో పక్క మీరు పట్టణానికి తిరిగే రోజులు, కూలి, పెట్రోలు, కోత ఖర్చు రాయండి. ఉదాహరణకు ఏడాదికి ఆరుసార్లు తిరిగారనుకోండి. ఆరు రోజుల కూలి ఒక్కటే హాక్సా, వైసు కలిపిన ధరకు దగ్గరికి వస్తుందేమో మీరే మీ ఊరి ధరలు వేసి చూడండి. కోతలు పెరిగి ఆ లెక్క రెండింతలైతే గ్రైండరు. అంతకు మించితేనే పెద్ద మిషను ఊసు.

నలుగురు కలిస్తే

పెద్ద మిషను కావాలనే ఉంటే నాలుగైదు కుటుంబాలు కలిసి కొనండి. ఒకరింట్లో పెట్టి ఒక పుస్తకం వేలాడదీయండి. ఎవరు, ఏ రోజు, ఎన్ని కోతలు కోశారో రాయాలి. చక్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి. రిపేరు అందరిదీ. ఈ కట్టుబాటు మొదటి రోజే రాసుకోకపోతే మిషనుకన్నా ముందు స్నేహం చెడుతుంది.

ఊళ్లో కమ్మరి కుటుంబం ఉంటే వారిని మరువకండి. 2023 సెప్టెంబరులో మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో చేర్చిన 18 వృత్తుల్లో కమ్మరం ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం, తాకట్టు లేకుండా మొదటి విడతగా లక్ష రూపాయల వరకు అప్పు ఆ పథకంలో ఉన్నాయి. అర్హత ఉన్న కమ్మరి ఒక మంచి కోత మిషను పెట్టుకుంటే ఊరందరికీ పట్టణం తిప్పట తప్పుతుంది, ఆయన కొలిమీ ఆరిపోదు. ఊళ్లో ఐ.టి.ఐ. ఫిట్టరు చదివిన కుర్రాడుంటే హాక్సా పట్టడం అతణ్ణి అడగండి. ఆ చదువులో మొదట నేర్పే పనుల్లో అదొకటి.

చివరి మాట

వరస ఇలా పెట్టుకోండి. ముందు వైసు, హాక్సా, 24 పళ్ల బై-మెటల్ బ్లేళ్లు, కళ్లద్దాలు. ఒక ఏడాది వీటితో చేసి చూడండి. చేయి నొచ్చేంత పని ఉంటే మరుసటి ఏడాది 4 అంగుళాల గ్రైండరు. పెద్దది నలుగురితో కలిసి, లేదా అద్దెకు.

మొదట చెప్పిన ఆ రైతు ఈ మధ్య మళ్లీ కనిపించాడు. వైసు కొన్నాడు, హాక్సా కొన్నాడు. మొదటి రోజు మూడు బ్లేళ్లు విరిచాడట. పళ్లు వెనక్కి పెట్టి బిగించానని తర్వాత తెలిసిందని నవ్వాడు. ఇప్పుడు కొడుకే కోస్తున్నాడు. పోయిన వారం బోరు పైపు పగిలితే పొద్దున ఎనిమిదికి విప్పి, పదింటికి బిగించి, పన్నెండింటికల్లా చేను తడిపారట.

మీ ఇంట్లో గోనెసంచి కింద ఏ మిషనైనా ఉంటే ఒకసారి తీసి చూడండి. దాని కవచం ఉందా? చక్రం మీద గడువు ఎంత వేసి ఉంది? ఈ రెండూ చూశాకే ప్లగ్గు పెట్టండి.